మరిచిపోయినట్లు ధ్రువపత్రం

గడియారం అద్దం మీది దుమ్మును పాత నూలు చీర ముక్కతో తుడుస్తున్నాను. మా దగ్గర దుమ్ము నల్లగా, నూనె కలిపినట్టు ఉంటుంది. ఎదురుగా పలకల గని. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి ఆ అద్దం మీద వేలితో అక్షరాలు దిద్దుకోవచ్చు. తుడిచాక పచ్చదీపం వెలుగుతోందో లేదో చూసి, పుస్తకంలో తేదీ వేసి, 'వెలుగుచున్నది' అని రాసి సంతకం పెట్టాలి. నా ఉద్యోగం అంతే. దాని పేరు మాత్రం పొడుగు: కాలవ్యత్యాస సంరక్షకురాలు.

వాకిట్లో సైకిల్ బెల్లు మోగింది. కేంద్రం నుంచి అటెండరు పిచ్చయ్య ఒక కాగితం తెచ్చాడు.

"ఏముంది బాబాయ్ అందులో?"

"తెల్దమ్మా. చదివితే నా మీద చర్యంట. నువ్వు కూడా చదవకుండానే సంతకం పెట్టాలంట."

చదవకుండానే సంతకం పెట్టాను. అతను వీధి మలుపు తిరిగాక చదివాను.

'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఇకపై ఎవరికీ ఏమియూ తెలియజేయబడదు. తెలియుట పక్షపాతమునకు మూలము. తెలియకపోవుట నిష్పాక్షికతకు ప్రథమ సోపానము. సోమవారము నుండి అన్ని విభాగములందును అవిదిత విధానము అమలు జరుపబడును. అది అమలు జరుగుచున్నదీ లేనిదీ ఎవరికీ తెలియరాదు.'

కింద సంచాలకులు భుజంగరావు గారి సంతకం. ఆ సంతకం ఎవరిదో తెలియకూడదని దాని మీద కాగితం ముక్క అంటించారు గానీ, జిగురు సరిగా పట్టలేదు.

ఈ కాగితానికి కారణం నా గడియారమే.

మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ప్రభుత్వం వారి కణ పరిశోధన కేంద్రం ఉంది. అందులో పరాంకుశం గారనే శాస్త్రవేత్త మ్యూయాన్ అనే కణం మీద పదకొండేళ్ళుగా పని చేస్తున్నారు. ఆ కణం కంటికి కనపడదు. పుట్టీ పుట్టగానే పోతుంది. ఉన్న కాసేపూ మాత్రం చిన్న అయస్కాంతంలా ఉంటుంది. దాన్ని పెద్ద అయస్కాంతపు వలయంలో వదిలితే, పడబోయే బొంగరంలా తల తిప్పుతుంది. ఎంత వేగంగా తిప్పాలో పుస్తకాల్లో ముందే లెక్క కట్టి పెట్టారు, దశాంశ చుక్క తర్వాత చాలా అంకెల దాకా. కొలిచి చూస్తే అంకెలన్నీ కలిశాయనుకోండి, లోకం గురించి మనవాళ్ళు రాసింది సరిపోయినట్టు. ఎక్కడో ఒక అంకె కలవలేదనుకోండి, ఖాళీ అనుకున్న చోట మనమెరగనిదేదో ఉండి ఆ బొంగరాన్ని నెడుతోందన్నమాట.

ఎన్నిసార్లు తల తిప్పిందో లెక్కించాలంటే గడియారం కావాలి. అయితే పరాంకుశం గారికి పరాంకుశం గారి మీద నమ్మకం లేదు.

"మణీ, మనిషి తనకు కావలసిన జవాబు వైపు తెలియకుండానే ఒరుగుతాడు తల్లీ" అన్నారు ఒకసారి. "పుస్తకంలో అంకె నాకు ముందే తెలుసు గదా. దానికి దగ్గరగా రాగానే హమ్మయ్య అనుకుని తప్పులు వెతకడం మానేస్తాను. దూరంగా ఉంటే దగ్గరయ్యేదాకా వెతుకుతాను. అది కొలవడం కాదు, బేరమాడడం."

అందుకని ఆయనే ఒక నియమం పెట్టారు. గడియారం కొంచెం తప్పుగా నడవాలి. ఎంత తప్పో కేంద్రంలో ఎవరికీ తెలియకూడదు. శాస్త్రం రాని బయటి మనిషి ఎవరైనా గడియారం మీట తిప్పి, అది చూపిన సంఖ్యను కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క సీలు వేయాలి. లెక్కలన్నీ ముగిసి, ఇక ఏదీ మార్చనని ఆయన సిరాతో రాసి సంతకం పెట్టాక కవరు విప్పాలి. ఆ సంఖ్య కలిపితే అసలు జవాబు వస్తుంది.

ఆ బయటి మనిషిని నేను. ఎంపిక రోజున ముగ్గురు కూర్చున్నారు. మ్యూయాన్ అంటే ఏమిటన్నారు. తెలియదన్నాను. రహస్యం దాచగలవా అన్నారు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అప్పుడే ఉత్తర్వు రాశారు. గడియారానికి కేంద్రం బయట ఈ రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. వెనక గదిలో అది, ముందు గదిలో నేను. దాని టిక్కులు భూమిలో వేసిన తీగ మీద కేంద్రానికి వెళ్తాయి. నాలుగేళ్ళలో పరాంకుశం గారు వారానికోసారి వచ్చి గేటు అవతలే నిలబడి క్షేమం అడిగి వెళ్ళేవారు. ఒక్కసారి కూడా గేటు దాటలేదు. మనిషి మాటకారి. వానల గురించి, పనసతొనల గురించి, నక్షత్రాల గురించి గంటసేపు చెప్పేవారు. సంఖ్య గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు.

అంతా సవ్యంగా ఉండగా భుజంగరావు గారు చేపపిల్లల పెంపకం నుంచి బదిలీ మీద మాకు సంచాలకులుగా వచ్చారు. అదే నెలలో రాజధాని నుంచి ఒక బృందం వచ్చింది. వలయం చూశారు, అర్థం కాలేదు. గడియారం సంగతి విన్నారు, అర్థమైంది. "ఫలితం తెలియకుండా పని చేయడమా! ఇది దేశానికే ఆదర్శం" అన్నారు వాళ్ళలో పెద్దాయన. ఆ మాట భుజంగరావు గారికి రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదట. మర్నాటికి కాగితం తయారైంది.

సోమవారం మధ్యాహ్నం భోజనానికి కేంద్రం క్యాంటీన్‌కు వెళ్ళాను. సంఖ్య తెలిసిన దాన్ని కాబట్టి నాకు మూలన వేరే బల్ల. అక్కణ్ణుంచి వంటిల్లు కనపడుతుంది. భుజంగరావు గారు పొయ్యి దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. వంటామె మస్తానమ్మ చేట నడుముకు ఆనించుకుని నిలబడింది.

"ఎంతమందికి వండాల సారూ?"

"అది మీకు తెలియరాదు. తెలిస్తే మీరు ఆ సంఖ్యకు అనుకూలంగా వండుతారు."

"అనుకూలంగానే గదయ్యా వండాల్సింది?"

"సంఖ్య ఈ కవరులో ఉంది. భోజనానంతరం విప్పెదము. మీరు వండినది దానితో సరిపోలిన యెడల మీ వంట నిష్పాక్షికమని రుజువగును."

"సరిపోకపోతే?"

"అప్పుడు కొత్త భౌతికశాస్త్రం వెలువడినట్లు."

మస్తానమ్మ తొమ్మిది మందికి వండింది. తొంభై నలుగురు వచ్చారు. ఆ రోజు కొత్త భౌతికశాస్త్రం బాగా వెలువడింది. పప్పులో గరిటె ముంచి నాలుక్కి రాసుకోబోతే కూడా ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. పని ముగియకుండా రుచి చూడడమంటే ఫలితాన్ని ముందే తెలుసుకోవడమట.

"ముప్పై ఏళ్ళ నుంచి వండతన్నా. ఉప్పు పడిందీ లేందీ నాకు వాసనకే తెలుస్తది" అంది మస్తానమ్మ. "ముక్కు కోసి కవర్లో పెట్టమంటావా యేంది?"

ఆ ప్రతిపాదనను ఉపసంఘానికి పంపారు.

ఆ వారంలోనే గోడ గడియారాలన్నీ ఒక్కో గదిలో ఒక్కో రకంగా తిప్పేశారు. సిబ్బంది బస్సు డ్రైవరుకు ఏ ఊరు వెళ్ళాలో చెప్పడం మానేశారు. రెండు రోజులు అతను అలవాటు కొద్దీ సరిగ్గానే తీసుకెళ్ళాడు. అలవాటు కూడా ముందస్తు జ్ఞానమేనని తేలడంతో మూడో రోజు కొత్త డ్రైవరును పెట్టారు. అందరూ కంభం చెరువు చూసి వచ్చారు. బాగుందన్నారు. కేంద్రం వైద్యుడికి జబ్బు చెప్పకూడదన్నారు. పన్ను నొప్పితో వెళ్ళిన గుమస్తా కాలికి కట్టుతో తిరిగొచ్చాడు. పన్ను సంగతి అడిగితే, "ఇప్పుడు దాని ఊసే గుర్తు రావడం లేదు" అన్నాడు. దీన్ని విధానపు తొలి విజయంగా నమోదు చేశారు.

ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఏమీ తెలియకపోవడంలో సుఖం ఉంది. ఏదడిగినా "అవిదితమండీ" అంటే సరిపోయేది. అంతకుముందు కూడా చాలామందికి తెలిసేది కాదు, కానీ అప్పట్లో సిగ్గుపడేవారు.

ఈ గొడవలో పరాంకుశం గారి లెక్కలు ముగిశాయి. ఆయన పదవీ విరమణ నెలాఖరున. ఇంకా పాతిక రోజులుంది. కవరు విప్పమని ఆయన అర్జీ పెట్టుకున్నారు. కమిటీ కూర్చుంది. సీలు వేసిన మనిషిగా నన్ను కూడా పిలిచి గోడ పక్క కుర్చీ వేశారు.

"విప్పితే ఏమవుతుంది?" అన్నారు భుజంగరావు గారు.

"తెలుస్తుందండీ."

కమిటీలో ఒకాయన గుటకేశాడు.

"అదేనండీ ఇబ్బంది" అన్నారు భుజంగరావు గారు బాధగా. "నాలుగేళ్ళు మచ్చలేకుండా తెలియకుండా ఉన్నాం. దేశంలో ఏ సంస్థకూ ఇంతటి తెలియనితనం లేదు. ఒక్క కవరు కోసం ఆ ఘనతను పోగొట్టుకుందామా?"

"తెలియకుండా ఉన్నది తెలుసుకోవడానికేనండీ" అన్నారు పరాంకుశం గారు. ఆయన గొంతు మెత్తన. అది విన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. "పదకొండేళ్ళు. ఆ కణం నిజం చెప్పిందా, పుస్తకం నిజం చెప్పిందా. అదొక్కటి తెలిస్తే చాలు, వెళ్ళిపోతాను."

కమిటీ పక్క గదిలోకి వెళ్ళి చర్చించి వచ్చింది. భుజంగరావు గారు చిరునవ్వుతో కూర్చున్నారు.

"తమ సేవల పట్ల గౌరవంతో కవరు విప్పుటకు అనుమతించడమైనది. అయితే నిష్పాక్షికంగా. అసలు కవరును ప్రత్యేకంగా చూచుట పక్షపాతం గనుక, అదే కొలతలో మరి తొంభై తొమ్మిది కవర్లు తయారుచేయించాం. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క సంఖ్య. రాత ఒకేలా ఉండాలని అసలు కాగితాన్ని కూడా మా టైపిస్టు చేత మళ్ళీ కొట్టించి, పాతది చించివేశాం. ఆమె కళ్ళు మూసుకునే కొట్టింది. నిన్న అన్నిటినీ కలిపేశాం. తాము ఏదైనా ఒకటి తీసుకోవచ్చు."

పరాంకుశం గారు కూర్చునే ఉన్నారు గనుక సరిపోయింది.

"అసలుది ఏదండీ వాటిలో?"

"అది తెలిస్తే..." అని భుజంగరావు గారు మొదలుపెట్టారు. మిగతా వాక్యం కమిటీ అంతా కలిసి పూర్తి చేసింది.

అప్పుడు అందరి కళ్ళూ మెల్లగా నా వైపు తిరిగాయి. 

"ఈమెకు సంఖ్య తెలుసు" అన్నాడు గుటకేసిన ఆయన.

మర్నాడు పిచ్చయ్య చేత నాకు తాఖీదు వచ్చింది. 'తమకు ఒక విషయము తెలిసియున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. పదిహేను దినములలోగా సదరు విషయమును మరచిపోవలయును. లేనిచో తెలిసియుండుటకు గల కారణములను లిఖితపూర్వకముగా తెలుపవలయును.'

గడియారానికి కూడా విడిగా ఒక తాఖీదు వచ్చింది. దానికి కూడా సంఖ్య తెలుసు గదా. దాన్ని గడియారం అద్దానికి అంటించి వారం రోజులు జవాబు కోసం చూడమన్నారు. చూశాను. జవాబు రాలేదు. ఎనిమిదో రోజు ఇద్దరు వచ్చి, కళ్ళకు గంతలు కట్టుకుని, మీటను తడిమి పట్టుకుని ఎటుపడితే అటు తిప్పి వెళ్ళారు. పోతూ పోతూ ఒకాయన గుమ్మానికి గుద్దుకున్నాడు. 

దాంతో ఆ సంఖ్య ఇదేనని తేల్చి చెప్పగలిగేది లోకంలో నా బుర్ర ఒక్కటే. నాలుగేళ్ళు రోజూ ఆ మీట చుట్టూ తుడిచిన దాన్ని. మర్చిపోదామని కూర్చున్నా మర్చిపోలేదు.

పదిహేనో రోజు కమిటీ నన్ను పరీక్షించింది.

"ఆ సంఖ్య ఏది?" అన్నారు భుజంగరావు గారు.

చెబితే రహస్యం బయటపెట్టినట్టు. చెప్పనంటే గుర్తున్నట్టు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

"కనీసం మొదటి అంకె?"

ఇంకా ఆలోచిస్తున్నాను.

"బేసి సంఖ్యా, సరి సంఖ్యా అయినా?"

"పాపం, మొత్తం పోయినట్టుందండీ" అన్నాడు గుటకేసిన ఆయన. అప్పటికప్పుడు ధ్రువపత్రం రాసి, మూడు ముద్రలు వేసి నా చేతికిచ్చారు. 'ఏసుమణి అను ఈమెకు ఏ సంఖ్యయూ గుర్తులేదని ధ్రువీకరించడమైనది.' గుమ్మం దాటుతుంటే వరండాలో పరాంకుశం గారు ఎదురయ్యారు. నా చేతిలో ముద్రలు చూసి, తలూపి, పక్కకు తప్పుకున్నారు.

నెలాఖరు రోజు నాలుగింటికి వీడ్కోలు సభ. నేను వెనక వరసలో కూర్చున్నాను. విరమిస్తున్నది ఎవరో వక్తకు తెలియకూడదు గనుక భుజంగరావు గారు, "వీరు ఎవరైనప్పటికీ, వీరు చేసినది ఏదైనప్పటికీ, అది ఎంతో విలువైనది" అని చాలాసేపు మాట్లాడారు. శాలువా ఎవరికి కప్పాలో చీటీ తీశారు. టీ గ్లాసుల పళ్ళెంతో అటుగా వెళ్తున్న మస్తానమ్మకు కప్పారు.

"నాకెందుకయ్యా ఇది? నాకింకా ఆరేళ్ళుంది" అంటూ పళ్ళెం దింపి, శాలువా తీసి నాలుగు మడతలు పెట్టి, చివరి కుర్చీలో ఉన్న పరాంకుశం గారి ఒళ్ళో పెట్టింది. "నీదేగదా సామీ, తీసుకో. ఈళ్ళకు తెలవకపోతే మనకు తెలవదా?"

అది విధానానికి విరుద్ధమని ఆమెకు తాఖీదు రాశారట. ఆమెకు చదువు రాదు గనుక అది పూర్తిగా నిష్పాక్షికంగా అందింది.

అయిదున్నరకు నేను ఇల్లు చేరి ఇంకా చెప్పులు విప్పలేదు, గేటు చప్పుడైంది. పరాంకుశం గారు. చంకలో శాలువా. ఎప్పటిలాగే గేటు అవతల నిలబడ్డారు.

"లోపలికి రావచ్చా మణీ? అయిదింటితో నేనెవర్నీ కాకుండా పోయాను."

కుర్చీ వేశాను. మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచారు. దాని మీద సిరాతో పెద్ద అంకె, కింద ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు.

"ఇదీ నా కొలత. నీ సంఖ్య కలపకుండా. ఇందులో ఇక ఏదీ మార్చలేను, చూడు. నిన్ను ఏమీ అడగడానికి రాలేదు. ఊరికే, గడియారం ఉన్న చోట కాసేపు కూర్చుని పోదామని."

"అడగకూడదన్న నియమం మీదే గదండీ? ఎప్పటిదాకా అడగకూడదు?"

"లెక్క ముగిసేదాకా."

"ముగిసింది గదండీ."

"ముగిసింది. కానీ నువ్వు మర్చిపోయావట గదమ్మా. నీ మీద చర్య వస్తే? నాకు తెలియకపోయినా ఫరవాలేదు తల్లీ, నీ ఉద్యోగం..."

లోపలికి వెళ్ళి ధ్రువపత్రం తెచ్చి ఆయన ముందు పెట్టాను. "చదవండి. ఏ సంఖ్యయూ గుర్తులేదని మూడు ముద్రలు వేశారు. గుర్తులేని మనిషి ఏ అంకె చెప్పినా అది రహస్యం కాదండీ. నోటికొచ్చింది చెప్పినట్టు లెక్క. వాళ్ళే చర్య తీసుకోవాలంటే ముందు ఈ కాగితం తప్పని ఒప్పుకోవాలి."

నా ఉద్యోగంలో నేను అంత పెద్ద మాట మాట్లాడడం అదే మొదలు. ఆయన ధ్రువపత్రం చదివి, మళ్ళీ చదివి, నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, కలం మూత తీసి, ధ్రువపత్రాన్ని వెనక్కి తిప్పారు.

"చెప్పు."

చెప్పాను. ఆయన రాసుకున్నారు. ఇరవై నిమిషాలు గుణకారాలు చేశారు. బయట ఎండ ఇంకా ఉంది. గనిలో పని దిగినవాళ్ళు మాట్లాడుకుంటూ వెళ్తున్నారు. చివరికి ఆయన ఒక వరస రాశారు. దాని మీద, చూడకుండానే, పుస్తకంలోని వరస రాశారు. అది ఆయనకు పేరులా నోటికి వచ్చు.

నాకు భౌతికశాస్త్రం రాదు. పై అంకె, కింది అంకె ఒకటేనా కాదా చూడడానికి మా ఊరి బడిలో ఒకటో తరగతి చాలు. ఆయన వేలు రెండు వరసల కింద మెల్లగా జరుగుతుంటే నేను భుజం వెనక నిలబడి చూశాను. రెండు కింద రెండు. చుక్క. సున్నా, సున్నా. రెండు, మూడు, మూడు. ఎనిమిదో చోటు దాకా పైదీ కిందిదీ కవలపిల్లల్లా ఉన్నాయి.

తొమ్మిదో చోట పైన మూడు, కింద ఎనిమిది.

వేలు ఆగింది. ఆయన మొదటి నుంచి గుణకారాలన్నీ మళ్ళీ చేశారు. నన్ను సంఖ్య మళ్ళీ అడిగారు, చెప్పాను. అంకెల్ని కిందనుంచి పైకి కూడా సరిచూశారు. అప్పుడూ ఎనిమిదే. తన కొలతలో తప్పు ఎంత ఉండవచ్చో పక్కన చిన్నగా రాసుకుని చూశారు. ఆ తప్పు ఒకటికి అటూ ఇటూ, అంతే. మూడుకీ ఎనిమిదికీ మధ్య ఉన్న అయిదుకు చాలదు.

"కలవలేదాండీ? అయితే ఆ ఖాళీ చోట ఏదో ఉన్నట్టేనా?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. ఆ మాటకారి మనిషి నోరు తెరిచారు. ఏదో వచ్చింది గానీ పెదవుల దగ్గరే ఆగిపోయింది. కలానికి మూత పెట్టారు. కాగితాలు రెండూ మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను మరిచిపోయినట్లు ధ్రువపత్రం కూడా వాటిలోనే వెళ్ళిపోతోందని తెలిసినా నేను అడగలేదు. శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది.

లేచి, గుమ్మం దిగి, గేటు తీసుకుని వెళ్ళిపోయారు. గనివాళ్ళు అప్పటికే దాటిపోయారు. రోడ్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎవరూ లేరు. అయినా ఆయన నాలుగడుగులు నడిచి, ఆగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు కొంచెం పక్కకు జరిగారు. తర్వాత మళ్ళీ నడిచారు.